మోకాల్లో డెడ్ కోడ్

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఈ టపాలో నేను ఇంకో అడుగు ముందుకేసి సాఫ్ట్‌వేరుకీ మోకాలికీ ముడిపెట్టబోతున్నాను :) కాస్త ఓపిగ్గా చదవండి, ముడి గట్టిదో కాదో చివర్లో మీరే చెబుదురుగాని.

మన వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన అనుభవం ఒకటుంది. ఎప్పటిదో పాత సిస్టం చేతికొస్తుంది. అందులో ఒక ఫంక్షను. ఎవరు రాసారో తెలీదు, ఎందుకు రాసారో తెలీదు, దాన్నెవరు వాడుతున్నారో కనపడదు. "ఇది డెడ్ కోడ్" అని ఎవరో పీకేస్తారు. బిల్డు అవుతుంది, టెస్టులన్నీ పాసవుతాయి, రిలీజు కూడా అయిపోతుంది. ఎనిమిది నెలల తర్వాత, సంవత్సరాంతపు లెక్కలు నడిచే రాత్రి, మొత్తం కూలబడుతుంది. పీకినవాడు అప్పటికి వేరే కంపెనీలో ఉంటాడు.

వైద్యశాస్త్రం సరిగ్గా ఇదే పని మనిషి మోకాల్లో చేసింది. ఒకరికో ఇద్దరికో కాదు, దశాబ్దాల తరబడి, వేలమందికి.

దీని గురించి ఇప్పుడెందుకంటారా? వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం పొద్దున్నే షటిల్ కోర్టులోనో క్రికెట్ గ్రౌండులోనో ఇరవయ్యేళ్ళ కుర్రాడిలా దూకే జాతి మనది. నలభైకి దగ్గరపడ్డాక ఓ రోజు మోకాలు పట్టేస్తుంది. ఎమ్మారై తీయిస్తాం. రిపోర్టులో "మెనిస్కస్ టేర్" అని ఉంటుంది. అది చూడగానే గుండె జారిపోతుంది. "ఆపరేషన్ చేయించుకోమంటావా?" అని ఈ మధ్య నన్నే ముగ్గురు అడిగారు. నేను డాక్టర్ని కాదు, ఆ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఆ ప్రశ్న వెనక నూట నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. అది మాత్రం చెప్పగలను.

పనికిరాదనుకున్న నెలవంక

ముందు మోకాలి గురించి రెండు ముక్కలు. తొడ ఎముక కింది చివర గుండ్రంగా ఉంటుంది. దాని కింద ఉండే కాలి ఎముక పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది. చదును బల్ల మీద గుండ్రాయి పెడితే ఒక్క చోటే ఆనుతుంది, బరువంతా ఆ ఒక్క చోటే పడుతుంది. అలా కాకుండా ఆ రెండెముకల మధ్యా నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి ముక్కలుంటాయి, లోపలి వైపు ఒకటి, బయటి వైపు ఒకటి. వీటినే మెనిస్కస్ అంటారు. పైపుల బిగింపులో వేసే వాషర్ లాంటిదనుకోండి. మోకాలి మీద పడే బరువులో సుమారు సగం వీటి ద్వారానే కిందికి దిగుతుంది.

ఇదంతా మనకి ఇప్పుడు తెలుసు. 19వ శతాబ్దం చివర్లో తెలీదు. అప్పట్లో జాన్ బ్లాండ్-సట్టన్ అనే లండన్ సర్జన్ లిగమెంట్ల మీద ఒక పుస్తకం రాసాడు. మెనిస్కస్ అనేది ఒకప్పటి కాలి కండరాల అవశేషమనీ, దానికిప్పుడు పనేమీ లేదనీ అందులో తేల్చేసాడు. అంటే మన భాషలో డెడ్ కోడే కదా!

విచిత్రమేంటంటే, అంతకుముందే 1883లో ఎడిన్‌బరోలో థామస్ అనన్‌డేల్ అనే సర్జన్ ఒక గని కార్మికుడి మోకాలు తెరిచి, జారిపోయిన మెనిస్కస్‌ని తీసేయకుండా దాని చోట్లో పెట్టి కుట్టాడు. ఆ కార్మికుడు కోలుకున్నాడు కూడా. కానీ ఆ దారిలో పెద్దగా ఎవరూ నడవలేదు. మోకాలి లోపల కుట్లు వెయ్యడం కష్టం, కోసి తియ్యడం తేలిక. పైగా పనికిరాని వస్తువని పుస్తకాలే చెబుతుంటే కుట్టడం ఎందుకు?

అలా కోసెయ్యడం ఆనవాయితీ అయిపోయింది. 1946లో స్కాట్లండ్ సర్జన్ ఇయాన్ స్మైలీ మోకాలి గాయాల మీద రాసిన పుస్తకం దశాబ్దాల పాటు సర్జన్లకి పెద్దబాలశిక్ష. తియ్యాలంటే పూర్తిగా తియ్యాలి, మొత్తం తీసేస్తే దాని స్థానంలో అలాంటిదే మళ్ళీ పెరుగుతుంది అనేది ఆయన నమ్మకం. బ్రిటన్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్ళకీ గని కార్మికులకీ "కార్టిలేజ్ తీయించుకోవడం" మామూలు విషయమైపోయింది. ఆటగాడు తిరిగి మైదానంలోకి దిగేవాడు. క్లబ్బుకి సంతోషం, ఆటగాడికి సంతోషం, సర్జన్‌కి సంతోషం. టెస్టులన్నీ పాస్!

ఇరవయ్యేళ్ళ తర్వాత వచ్చిన బగ్గు

హెచ్చరికలు లేవా అంటే ఉన్నాయి. 1936లో డాన్ కింగ్ అనే అమెరికన్ సర్జన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి, మెనిస్కస్ తీసేసిన మోకాలి కీలు అరగడం మొదలవుతుందని చూపించాడు. రక్తప్రసరణ అందే అంచు దాకా చిరుగు వెళ్తే అది మానుతుందని కూడా చెప్పాడు. 1948లో టి. జె. ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జన్ మెనిస్కస్ తీసేసిన 107 మోకాళ్ళ ఎక్స్‌రేలు పరిశీలించాడు. ఎముక అంచున గట్టు లేవడం, గుండ్రటి భాగం చదునుకావడం, ఎముకల మధ్య సందు తగ్గడం.. ఈ మూడు మార్పులూ కనిపించాయి. ఇప్పటికీ ఎముకల డాక్టర్లు వాటిని "ఫెయిర్‌బ్యాంక్ మార్పులు" అనే పిలుస్తారు. మెనిస్కస్‌కి బరువు మోసే పని ఉందనీ, దాన్ని తీసేయడం పూర్తిగా హానిలేని పని కాదనీ ఆయన రాసాడు.

అయినా కోతలు ఆగలేదు. ఎందుకంటారు? నాకు తోచిన కారణం ఇది. సర్జన్ రోగిని చూసేది ఆరు నెలలో, ఏడాదో. బగ్గు బయటపడేది ఇరవయ్యేళ్ళకి. ఇరవై రెండేళ్ళప్పుడు కార్టిలేజ్ తీయించుకున్న ఆటగాడు నలభై అయిదేళ్ళకి కుంటుతుంటే, "పాపం, అంత ఆడాడు కదా, అరిగిపోయింది" అనుకుంటారు. ఆపరేషన్‌ని ఎవరూ వేలెత్తి చూపరు. స్వీడన్‌లోని లుండ్‌లో ఈ లెక్క తీసారు, 1998లో ప్రచురించారు. మెనిస్కస్ తీయించుకున్నవాళ్ళని 21 ఏళ్ళ తర్వాత పిలిపించి, అదే వయసులో ఉన్న మామూలు మనుషుల పక్కన పెట్టి పోల్చారు. ఎక్స్‌రేలో కీళ్ళ అరుగుదల స్పష్టంగా కనిపించినవాళ్ళు ఆపరేషన్ అయినవాళ్ళలో 48 శాతం, మిగతావాళ్ళలో 7 శాతం.

ఇక్కడ "పక్కన పెట్టి పోల్చారు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కెమెరా వచ్చింది

ఈలోగా ఇంకో వైపు, జపాన్‌లో, వేరే కథ నడుస్తోంది. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే ప్రొఫెసర్ మూత్రాశయం లోపల చూసే గొట్టాన్ని ఒక మృతదేహం మోకాల్లోకి దూర్చి చూసాడు. ఆయన్ని వేధించిన సమస్య క్షయ. మోకాలికి క్షయ సోకితే కాలు కర్రలా బిగుసుకుపోయేది. నేలమీద మోకాళ్ళు మడిచి కూర్చోవడమే మర్యాదగా భావించే సమాజంలో అది పెద్ద శాపం. బాసింపట్టు వేసుకుని భోంచేసిన మన తాతలకైతే ఆ బాధ చెప్పకుండానే అర్థమయ్యేది. మోకాలు కోయకుండా, జబ్బుని తొలిదశలోనే లోపలికి చూసి పట్టుకోవాలన్నది తకాగి తపన.

ఆయన శిష్యుడు మసాకి వతనబే ఆ పరికరాన్ని ఏళ్ళ తరబడి మెరుగుపరిచాడు. ఆయన తయారుచేసిన 21వ నంబరు ఆర్త్రోస్కోపు ప్రపంచమంతా తిరిగింది (వర్షన్ నంబర్లు చూసారా, 21 దాకా వెళ్తేగానీ స్టేబుల్ రిలీజు రాలేదు). 1962లో వతనబే ఆ గొట్టంతో చూస్తూ, మెనిస్కస్‌లో చిరిగిన ముక్క మాత్రం కత్తిరించి మిగతాది వదిలేసాడు. 1964లో టొరంటో నుంచి టోక్యోకి వెళ్ళిన రాబర్ట్ జాక్సన్ అనే యువ డాక్టరు ఈ విద్య నేర్చుకుని ఉత్తర అమెరికాకి తీసుకెళ్ళాడు. ఆ తర్వాత ముప్ఫయ్యేళ్ళకి, 1994లో, స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక క్రీడల మీద ఎక్కువ ప్రభావం చూపిన 40 మందిని ఎంచితే అందులో ఈ డాక్టరూ ఉన్నాడు.

ఎందుకుండడు మరి! అమెరికన్ మారథాన్ రన్నర్ జోన్ బెనాయిట్ 1984లో ఒలింపిక్ ట్రయల్స్‌కి 17 రోజుల ముందు మోకాలికి ఆర్త్రోస్కోపు ఆపరేషన్ చేయించుకుని, ట్రయల్స్ గెలిచి, ఆ ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో మహిళల తొలి ఒలింపిక్ మారథాన్‌లో బంగారు పతకం కొట్టేసింది. (ఆమెది మెనిస్కస్ సమస్య కాదు లెండి.) ఇలాంటి వార్త చదివాక మోకాలు నొప్పి ఉన్న ఏ మనిషి మాత్రం "నాకూ అదే చెయ్యండి" అనడు?

నిజంగానే ఇది గొప్ప ముందడుగు. మొత్తం పీకెయ్యడం పోయి చిరిగినంత మేరకే తియ్యడం వచ్చింది. 1982లో ఆర్నోస్కీ, వారెన్ అనే పరిశోధకులు మనుషుల మెనిస్కస్‌లో రక్తనాళాలు బయటి అంచు దాకానే ఉంటాయని స్పష్టంగా చూపించడంతో, ఎక్కడి చిరుగు కుడితే అతుకుతుందో తెలిసింది. అనన్‌డేల్ 1883లో చేసిన పని వందేళ్ళ తర్వాత మళ్ళీ గౌరవం పొందింది.

కానీ ఒక పని తేలికైపోతే ఏమవుతుందో మనకి తెలుసు కదా. ఒక్క క్లిక్కుతో డిప్లాయ్ అయ్యే రోజులొచ్చాక అవసరం లేకపోయినా డిప్లాయ్ చేస్తూనే ఉంటాం. మెనిస్కస్ ముక్క కత్తిరించే ఆపరేషన్లు ఒక్క అమెరికాలోనే ఏడాదికి సుమారు 7 లక్షలకి చేరాయి. ఆటల గాయాల కోసం పుట్టిన ఆపరేషన్, వయసుతో మోకాలు అరిగినవాళ్ళకి కూడా మామూలైపోయింది.

నీళ్ళ చప్పుడు

అప్పుడొచ్చాడు బ్రూస్ మోస్లీ. హ్యూస్టన్ రాకెట్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి డాక్టరు. అరిగిన మోకాళ్ళకి ఆర్త్రోస్కోపు ఆపరేషన్లు తనే చేస్తున్నవాడు. రోగులు "తగ్గింది డాక్టర్ గారూ" అనే చెబుతున్నారు. తగ్గింది ఆపరేషన్ వల్లా, లేక ఆపరేషన్ జరిగిందన్న నమ్మకం వల్లా అన్నది తేల్చాలనుకున్నారు.

హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో 180 మంది ఒప్పుకున్నారు. తమకి ఉత్తుత్తి ఆపరేషన్ జరగొచ్చని తెలుసుకునే, ఆ మాట తమ చేత్తో రాసి మరీ ఒప్పుకున్నారు. వాళ్ళని చీటీల పద్ధతిలో మూడు గుంపులు చేసారు. ఒక గుంపుకి మోకాలి లోపల గరుకు భాగాలు గీకి శుభ్రం చేసారు. రెండో గుంపుకి నీళ్ళతో కడిగారు. మూడో గుంపుకి చర్మం మీద మూడు చిన్న గాట్లు పెట్టి ఊరుకున్నారు. కానీ నాటకం మాత్రం పక్కాగా ఆడారు. సర్జన్ పరికరాలన్నీ అడిగి తీసుకునేవాడు, కాలు అటూ ఇటూ కదిపేవాడు, లోపల కడుగుతున్నట్టు వినపడాలని నీళ్ళు చప్పుడు చేసేవారు కూడా!

ఫలితం 2002 జులైలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. రెండేళ్ళ పాటు గమనిస్తే, నొప్పిలో గానీ, నడకలో గానీ మూడు గుంపుల మధ్యా తేడా లేదు. నీళ్ళ చప్పుడు విన్నవాళ్ళకీ అంతే తగ్గింది.

సహజంగానే గొడవైంది. "వీళ్ళంతా కీళ్ళు అరిగిన మాజీ సైనికులు, ఒకే ఆసుపత్రి, ఒకే సర్జన్. మెనిస్కస్ చిరిగినవాళ్ళ సంగతి వేరు" అన్నారు. న్యాయమైన అభ్యంతరమే. దానికి జవాబు ఫిన్లాండ్ నుంచి 2013లో వచ్చింది. 35 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు, కీళ్ళ అరుగుదల లేదు, మెనిస్కస్ మాత్రం నెమ్మదిగా పీచులా చిరిగింది.. అలాంటివాళ్ళు 146 మంది. సగం మందికి నిజం ఆపరేషన్, సగం మందికి ఉత్తుత్తిది. ఏడాది తర్వాత చూస్తే ఇక్కడా చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే ఏడాది అమెరికాలో 351 మందితో ఆపరేషన్‌నీ ఫిజియోథెరపీనీ పోల్చారు. ఆరు నెలలకి రెండు వైపులా దాదాపు ఒకేలా ఉన్నారు. కాకపోతే ఫిజియోథెరపీ వైపు వెళ్ళినవాళ్ళలో 30 శాతం మంది ఆలోపే ఆపరేషన్‌కి మారారు, ఇది కూడా చెప్పాలి.

మరి ఎమ్మారైలో కనిపించే ఆ చిరుగు సంగతేంటి? 2008లో అమెరికాలోని ఫ్రామింగ్‌హాం అనే ఊళ్ళో 50 దాటిన 991 మందికి, నొప్పి ఉన్నా లేకపోయినా, మోకాలి ఎమ్మారై తీసారు. చిరుగు ఉన్నవాళ్ళలో 61 శాతం మందికి అంతకుముందు నెలరోజుల్లో ఏ నొప్పీ లేదు. అంటే నొప్పి ఉంది, చిరుగూ ఉంది, కానీ ఆ చిరుగు వల్లే ఈ నొప్పి అని చెప్పలేం. లాగ్ ఫైల్లో ఎప్పట్నుంచో ఉన్న వార్నింగుని పట్టుకుని "ఇదే ఇవాళ్టి క్రాష్‌కి కారణం" అనడం లాంటిదే. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఏర్పాటుచేసిన నిపుణుల బృందం, వయసుతో వచ్చే మోకాలి అరుగుదలకి ఆర్త్రోస్కోపు ఆపరేషన్ వద్దని గట్టిగానే సిఫారసు చేసింది.

అలాగని అన్నీ ఒకే గాటన కట్టొద్దు

ఇది చదివి "చూసావా, డాక్టర్లంతా ఇంతే" అనేవాళ్ళు తయారవుతారని తెలుసు. ఆగండాగండి. ఈ తప్పుని పట్టుకున్నది ఎవరు? సర్జన్లే. తమ చేతిలో ఉన్న ఆపరేషన్‌నే, తమ ఆదాయాన్నే బోనులో నిలబెట్టారు. మనలో ఎంతమందిమి మనం రాసిన మాడ్యూల్ అవసరమా కాదా అని అలా పరీక్ష పెట్టుకుంటాం?

పైగా ప్రతి గాయమూ ఒకటి కాదు. చిరిగిన ముక్క మధ్యలో ఇరుక్కుని కాలు చాచలేకపోవడం వేరు, మెట్లెక్కుతుంటే నొప్పి రావడం వేరు. మోకాలికి అడ్డంగా ఉండే ఏసీఎల్ లిగమెంట్ తెగడం ఇంకా వేరు. మన పుల్లెల గోపీచంద్‌కి 1994లో పుణె జాతీయ క్రీడల్లో మోకాలి లిగమెంట్లు తెగితే, ఆపరేషన్లు చేయించుకుని, ఏళ్ళపాటు శ్రమపడి, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ఆ విజయం వెనక సర్జరీ ఉంది, కాదనలేం.

కానీ ఏసీఎల్ విషయంలో కూడా పక్కన పెట్టి పోల్చి చూసాకే అసలు సంగతి తెలిసింది. స్వీడన్‌లో 2010లో ప్రచురించిన పరిశోధనలో, అప్పుడే ఏసీఎల్ తెగిన 121 మంది యువతీయువకుల్లో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసారు. మిగతా సగానికి ముందు వ్యాయామాలు, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్ అన్నారు. రెండేళ్ళకి ఇద్దరి పరిస్థితీ సమానం. రెండో గుంపులో అప్పటికి ఆపరేషన్ దాకా వెళ్ళినవాళ్ళు 39 శాతమే. అదే, గాయమై చాలాకాలమైనా మోకాలు పట్టు తప్పుతూనే ఉన్న 316 మందితో బ్రిటన్‌లో చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలో ఆపరేషన్‌దే పైచేయి అయింది. ఎవరికి, ఎప్పుడు అన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది.

తుంటి కథ కూడా ఇలాంటిదే, కాకపోతే చిన్నది. బంతిగిన్నె కీలు అని బడిలో చదువుకున్నాం కదా, ఆ బంతి పూర్తి గుండ్రంగా లేకపోతే గిన్నె అంచుకి ఒరుసుకుని దెబ్బతింటుందని స్విట్జర్లండ్ సర్జన్ రైన్‌హోల్డ్ గాంజ్ బృందం 2003లో వివరించింది. ఆటగాళ్ళ గజ్జల నొప్పికి ఒక కారణం దొరికింది, ఆపరేషన్లు జోరందుకున్నాయి. ఈసారి మాత్రం వందేళ్ళు ఆగలేదు. 2018లోనే బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 348 మందితో పోల్చిన ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. ఇక్కడ వ్యాయామం కన్నా ఆపరేషన్ మెరుగని తేలింది, 100 పాయింట్ల కొలమానంలో 6.8 పాయింట్ల మేర. పెద్ద తేడా కాదు, కానీ ఉంది. పెట్టిన ఖర్చుకి మొదటి ఏడాదిలో తగిన ఫలితం లేదని కూడా వాళ్ళే చెప్పారు.

ఇంతా చేస్తే వీటన్నిటికన్నా చవకైన పరిశోధన నార్వేలో జరిగింది. హ్యాండ్‌బాల్ ఆడే 15-17 ఏళ్ళ పిల్లలు 1,837 మంది. సగం క్లబ్బుల్లో ఆటకి ముందు 15-20 నిమిషాలు పద్ధతి ప్రకారం వార్మప్ చేయించారు, పరుగు, దూకి సరిగ్గా దిగడం, బ్యాలన్సు, కండరాల బలం. 2005లో ఫలితం చూస్తే మోకాలి, చీలమండ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. ఏ కెమెరా అక్కర్లేదు, ఏ కోతా అక్కర్లేదు. శనివారం పొద్దున కారు దిగి నేరుగా కోర్టులోకి దూకి స్మాష్ కొట్టే మిత్రులు ఈ పేరా రెండోసారి చదవమని మనవి :)

తర్వాత, వల్ల

నాకు ఈ చరిత్ర మొత్తం రెండు తెలుగు మాటల మధ్య దూరంలా కనిపిస్తుంది. ఒకటి "తర్వాత", రెండోది "వల్ల". ఆపరేషన్ తర్వాత తగ్గింది. ఆపరేషన్ వల్ల తగ్గింది. మొదటిది కళ్ళతో చూసి చెప్పొచ్చు. రెండోది చెప్పాలంటే ఆపరేషన్ జరగని మనిషిని పక్కన నిలబెట్టాలి. బ్లాండ్-సట్టన్ నుంచి మోస్లీ దాకా వందేళ్ళకి పైగా పట్టింది ఈ ఒక్క అడుగుకే. తెలివి లేక కాదు, పని బాగానే జరుగుతోందని అందరికీ అనిపించినప్పుడు పోల్చి చూడాలన్న ఆలోచనే రాదు.

కాబట్టి నన్నడిగిన ఆ ముగ్గురికీ నేను చెప్పింది ఇదే. డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఎమ్మారై చూపించండి, కానీ మూడు ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి. నా నొప్పి ఈ చిరుగు వల్లేనని ఎలా తెలుసు? నా వయసులో, నా లాంటి గాయానికి, ఆపరేషన్ లేకుండా మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేస్తే ఏమవుతుంది? ఇప్పుడు ఆగితే నేను పోగొట్టుకునేది ఏమైనా ఉందా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకి విసుక్కోడు. మూడో ప్రశ్నకి "ఉంది, ఆలస్యం చేస్తే ప్రమాదం" అని కారణం చెప్పి మరీ అంటే, మారుమాట్లాడకుండా వినండి.

ముగ్గుర్లో ఒకాయన ఇంకా వ్యాయామాలు చేస్తూనే ఉన్నాడు, ఒకాయన ఆపరేషన్ చేయించుకున్నాడు, ఇద్దరూ బాగానే ఉన్నారు. మూడో ఆయన ఏదీ చెయ్యలేదు, షటిల్ మాత్రం మానలేదు. ఆయన మోకాలు కూడా తగ్గిందట. దేనివల్లో నన్నడక్కండి.